యాడి ఒక్క కాగితం కూడా ఎందుకు పారేయలేదు



గ్రూపులో అందరూ నోటిఫికేషన్ల మీద, స్కాలర్‌షిప్‌ల మీద, పోడు పట్టాల మీద పోస్టులు రాస్తున్నరు. మేము మాత్రం ఇల్లు సర్దిన ముచ్చట రాస్తున్నం. నవ్వకుండ్రి. ఇది కూడా తిరిగి తిరిగి స్కాలర్‌షిప్ దగ్గరికి, పోడు పట్టా దగ్గరికే పోతది.

మేము అంటే అక్కాచెల్లెళ్లం ఇద్దరం. మాది భీమ్‌గల్ దగ్గర ఒక తండా, లింబాద్రి గుట్ట జాతరకు చిన్నప్పుడు నడిచే పోయేటోళ్లం. పెద్దది నిజామాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. చిన్నది ఇంటర్. టైపు చేసేది పెద్దదే, మాటలు మాత్రం ఇద్దరివీ. ఇంట్లో మేము మాట్లాడేది గోర్ బోలీ. ఇక్కడ అందరికీ తెలియాలని యాడి మాటలు కూడా తెలుగులోనే రాసినం.

హాస్టల్‌లో పెరిగినోళ్లకు పెట్టె సంగతి చెప్పే పని లేదు. ఒక రేకు పెట్టె, దానికో తాళం, ఒక ప్లేటు, ఒక గ్లాసు, ఒక దుప్పటి. ఐదో తరగతి నుంచి మా ఆస్తి అంతే. కింద బట్టలు, మీద పుస్తకాలు, మూలకు ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి డబ్బా, మూత లోపలి పక్క అతికించిన ఫోటో. కరెంటు పోయినా చీకట్లో చెయ్యి పెట్టి సబ్బు కావాలంటే సబ్బు, పెన్ను కావాలంటే పెన్ను తీసేటోళ్లం. ఇంటి మీద బెంగ పుట్టిన రోజు పెట్టె మొత్తం మంచం మీద కుమ్మరించి మళ్లీ సర్దుకునేది. సర్దినంక ఏడుపు కొంచెం తగ్గేది. ఎందుకు తగ్గేదో అప్పుడు తెలియదు. అంత పెద్ద హాస్టల్‌లో మనది అనుకునే జాగ అదొక్కటే కదా, అది మన చెప్పుచేతల్లో ఉన్నదన్న ధైర్యం కావచ్చు.

సెలవులకు ఇంటికి పోతే కథ వేరే. మాది పాత ఇందిరమ్మ ఇల్లు. ముందు రేకుల షెడ్డు, ఒక పెద్ద గది, లోపల ఒక చిన్న గది. ఆ చిన్న గదిలో అడుగు పెట్టే జాగ ఉండేది కాదు. బాపు దుబాయ్ నుంచి తెచ్చిన అట్టపెట్టెలు, వాటి మీద ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పని బ్లాంకెట్లు (మా పెండ్లిళ్లకట), ఖాళీ పాలపొడి డబ్బాలు, ఎరువు సంచులు, విరిగిన స్ప్రే పంపు, ఎర్రజొన్న విత్తనం సంచి, పసుపు ఎండబోసే పట్టాలు, పాత చీరెల మూటలు. అన్నిటికంటే ఎక్కువ, కాగితాలు. సజ్జ మీద కాగితాలు, దేవుడి పటాల వెనుక కాగితాలు, పరుపు కింద కాగితాలు, బియ్యం డబ్బాలో కవరు చుట్టి పెట్టిన కాగితాలు. ఒక పెద్ద యూరియా సంచి నిండా వేరే.

యాడి ఆ గదిలో పడుకునేది కాదు. షెడ్డులోనే చాప. చలికాలం కూడా. "లోపల పడుకుంటే మీద ఏదో కూసున్నట్టు అయితది" అనేది. మేము ఉక్కపోత అనుకున్నం.

డిగ్రీలో చేరిన ఏడాది స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కు కుల ధ్రువీకరణ పత్రం కావాల్సి వచ్చింది. పత్రం ఇంట్లోనే ఉన్నది, పదో తరగతిలో తీసినదే. ఎక్కడ ఉన్నది? యాడికి ఫోన్ చేస్తే "ఉన్నది బిడ్డా, పెట్టిన, పోలే" అన్నది. బస్సెక్కి ఇంటికి వచ్చినం. రాత్రి పదకొండు దాకా వెతికినం. సెల్ లైటు పట్టుకుని యాడి, చెల్లె, పక్కింటి భాభీ, అందరం. దొరకలేదు. దాని నంబర్ కూడా ఎక్కడా రాసుకోలేదు. మీసేవలో మళ్లీ మొదటి నుంచి అప్లై చేసి, తిరిగి తిరిగి తెచ్చుకునేసరికి రెండు ఇంటర్నల్ పరీక్షలు పోయినయి. అది పెద్ద నష్టం కాదు, మార్కులు తరువాత తెచ్చుకున్నం. కానీ ఆ రాత్రి యాడి మొఖం మరిచిపోలేదు. తిట్టినా బాగుండేది. మేమే కోపంలో "ఇంత చెత్త ఎందుకు పెడతవ్" అన్నం. ఆమె ఏమీ అనకుండా కాగితాలన్నీ ఒక్కొక్కటి మళ్లీ ఎక్కడివి అక్కడ పెట్టింది.

2024 దసరా సెలవులకు ముందు రూమ్‌లో ఒక సీనియర్ అక్క ఫోన్‌లో మేరీ కొండో వీడియోలు చూపించింది. జపాన్ ఆవిడ. ఇళ్లు సర్దడమే ఆమె పని. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ఆమె ప్రోగ్రామ్ వచ్చినంక ప్రపంచమంతా పేరు పాకింది. ఆమె చెప్పేది, ఒక్కో వస్తువును చేతిలోకి తీసుకోవాలట, మనసుకు సంతోషం అనిపిస్తే ఉంచుకోవాలట, లేకపోతే థాంక్స్ చెప్పి పంపించాలట. ముందు బట్టలు, తరువాత పుస్తకాలు, తరువాత కాగితాలు, ఆ తరువాత చిల్లర సామాను, అన్నిటికంటే చివర జ్ఞాపకాల వస్తువులు. కాగితాల విషయంలో ఆమె లెక్క చాలా సింపుల్: దాదాపు అన్నీ పారేయాల్సినవే. మాకు మస్తు నచ్చింది. ఈసారి పండుగకు ఇల్లు హాస్టల్ పెట్టె లెక్క చెయ్యాలని ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకున్నం.

మొదటి రోజు యాడి సోయా కోతకు కూలికి పోయింది. మాకు అదే మంచిగనిపించింది. ఆమె ఉంటే ఒక్క డబ్బా కూడా కదలనియ్యదు. పొద్దున్నే మొదలుపెట్టినం. అట్టపెట్టెలు బయట పడ్డయి, విరిగిన పంపు పాత సామాను బండికి పోయింది, పురుగుమందు ఖాళీ డబ్బాలు (రెండు వంటసామాను పక్కనే ఉండె, చూసి గుండె జల్లుమన్నది) వేరే మూటగట్టినం. తరువాత యూరియా సంచి. పైన పైన చూసినం. పెండ్లి కార్డులు, ఎరువుల షాపు బిల్లులు, ఎన్నికల పాంప్లెట్లు, మందుల చీటీలు, చిరిగిన పోలియో కార్డు, అక్షరాలు కనపడని పాత రసీదులు. పైన ఉన్నవి ఒక పది చూసి, కింద ఉన్నవన్నీ ఇవే అనుకున్నం. ఇంటి వెనుక నిప్పు పెట్టినం.

సగం కాలినంక యాడి వచ్చింది. పొగ చూసి, పరుగెత్తుకొచ్చి, ఉత్త చేతులతో నిప్పులో చెయ్యి పెట్టింది.

అరవలేదు. వేళ్లకు పసుపు రాసుకుని కూర్చున్నది. చాలాసేపటికి అన్నది: "నాకు సదువు రాదు. ఏ కాయిదం అక్కరకొచ్చేదో, ఏది రానిదో నాకెట్ల తెలుస్తది? అందుకే అన్నీ దాసిపెట్టిన. ఒక్కటి పారేస్తే అదే అక్కరకొచ్చేది అయితే? మీరు వచ్చి అడుగుతరు, సారు అడుగుతడు, బ్యాంకోడు అడుగుతడు. లేదంటే పని కాదు. నాకు తెలిసిందల్లా, కాయిదం లేకుంటే తిప్పి పంపిస్తరు."

మిత్రులారా, ఇది మేము ఇరవై ఏండ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మాకు చెత్త లెక్క కనపడ్డది ఆమెకు భయం. అచ్చు వేసిన కాగితం ఇంట్లోకి వస్తే అది ఎన్నికల పాంప్లెటో భూమి కాగితమో ఆమెకు తెలియదు. రెండింటినీ ఒకే తీరుగా భద్రం చేసింది. ఇరవై ఐదేండ్లు ఒక్క కాగితం పారేయకుండా, ఒక్కటి కూడా చదవలేకుండా, ఆ సంచిని కాపలా కాసింది. లోపల పడుకుంటే మీద ఏదో కూర్చున్నట్టు అనిపించదా మరి?

రెండో రోజు కూలికి పోనియ్యలేదు. చాప వేసి ముగ్గురం కూర్చున్నం. మిగిలిన సగం సంచి, పరుపు కిందివి, పటాల వెనుకవి, బియ్యం డబ్బాలోవి అన్నీ మధ్యలో పోసినం. ఒక్కో కాగితం తీసి పైకి చదివినం. "యాడి, ఇది 2009లో ఎరువుల బిల్లు." "ఇది కాకా పెండ్లి కార్డు." "ఇది నీ ఉపాధి హామీ జాబ్ కార్డు, ఇది ఉంచాలె." మొదట్లో ఆమె ప్రతిదానికీ "ఉంచుండ్రి" అన్నది. మేము ఎదురు చెప్పలేదు. చదవడమే, ఏది ఎందుకో చెప్పడమే. మధ్యాహ్నానికి తానే అనడం మొదలుపెట్టింది: "గది పొయ్యిల పెట్టు." ఒక ఓట్ల పాంప్లెట్ మీద ఉన్న ఫోటో చూసి "వీడికా నేను పదేండ్లు సోటిచ్చింది" అని ఒకటే నవ్వు. ఆమె అట్ల నవ్వి చాలా రోజులయింది.

ఆ రోజు మూడు సంగతులు బయటపడ్డయి.

ఒకటి, బాపు పైసలు పంపిన రసీదులు. బాపు 2012లో దుబాయ్ పోయిండు. నెలనెలా పంపిన రసీదులు రబ్బరు బ్యాండు వేసి ఉన్నయి. రబ్బరు కరిగి కాగితానికి అంటుకుపోయింది. మేము దిర్హంలు, రూపాయలు చదువుతుంటే యాడి ఏ నెల పైసలు దేనికి పోయినయో చెప్పుకుంటూ పోయింది. ఇవి బోరు మోటారుకు. ఇవి దాది దవాఖానకు. ఇవి చెల్లె పుట్టు వెంట్రుకలకు. 2013 ఆగస్టు చివర రసీదులో దిర్హంకు 18 రూపాయల పైన ఉన్నది. ముందు ఏడు మొదట్లో 14 దాటలేదు. రూపాయి పడిపోయిన నెలలు అవి, ఎకనామిక్స్‌లో చదువుకున్నదే. క్లాసులో అది దేశానికి కష్టం అని చెప్పిన్రు. యాడి మాత్రం "ఆ నెల మీ బాపు ఫోన్‌లో మస్తు ఖుషీగ ఉండె, పైసలు ఎక్కువ వస్తయని" అన్నది. ఆ రసీదులు ఎవరికీ ఏ ఆఫీసులోనూ అక్కరకు రావు. అన్నీ ఉంచినం. బాపు బతుకంతా లెక్క రాసి ఉన్నది వాటిలో, చిట్టీలు చిట్టీలుగ.

బాపు 2020 ఫిబ్రవరిలో సెలవు మీద వచ్చిండు. మార్చిలో విమానాలు ఆగిపోయినయి. మళ్లీ పోలేదు. 2021 ఎండాకాలంలో, రెండో వేవ్‌లో పోయిండు.

రెండోది చిన్న పాకెట్ డైరీ. వీసా కోసం ఏజెంటుకు కట్టడానికి బాపు ఒక మనిషి దగ్గర 80,000 అప్పు తెచ్చిండు, రెండు రూపాయల మిత్తికి. ఆ మనిషి పేరు ఇక్కడ వద్దు. బాపు పోయినంక అతను ఇంకా లక్షా ఇరవై వేలు రావాలె అని యాడికి కబురు పెడుతున్నడట. మాకు ఈ సంగతే తెలియదు! సదువు పాడైతదని చెప్పలేదట. భీమ్‌గల్ అంగడికి పోయినప్పుడు అతని దుకాణం ఉన్న సందు తప్పించి చుట్టూ తిరిగి వచ్చేదట, మూడేండ్ల నుంచి. మాకు నవ్వులాటగ చెప్పింది, మాకు నవ్వు రాలేదు.

బాపు మూడో తరగతి దాకా చదివిండు. డైరీలో తారీఖు, కట్టిన పైసలు, మిగిలిన అసలు రాసిండు. ప్రతి లైను పక్కన ఆ మనిషి సంతకం. చివరి లైను 2020 ఫిబ్రవరి. అసలు మిగిలింది 14,000. చెల్లె సెల్‌లో లెక్క తీసింది: నెలకు 280 మిత్తి, 56 నెలలు, 15,680. అసలుతో కలిపి 29,680. రెండుసార్లు చదివి వినిపించినం. యాడి "ముప్పై కూడా కాదా?" అన్నది. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పినం. లేచి బయటికి పోయి బర్రెకు నీళ్లు పెట్టొచ్చింది. కండ్లు కడుక్కుని వచ్చింది, మేము చూడనట్టే ఉన్నం.

అప్పు తీరలేదు, అది గుర్తుపెట్టుకోండి. ఆ రోజు మా ఇంట్లోకి ఒక్క రూపాయి రాలేదు. అప్పు ఎంతో తెలిసింది, అంతే. ఆ రాత్రి యాడి లోపలి గదిలో పడుకున్నది.

తరువాత కాకా ఆ డైరీ పట్టుకుపోయి అతని ముందు పెట్టిండు. తన సంతకాలు తానే తిరగేసి చూసుకుని, కొద్దిసేపు అటూ ఇటూ మాట్లాడి, 30,000కు ఒప్పుకున్నడు. పది వేలు అప్పుడే ఇచ్చినం. మిగిలింది పసుపు సీజన్‌లో, యాడి తవ్వకానికీ ఉడకబెట్టే పనికీ పోయిన కూలి, కొంత కాకా వేసింది కలిపి మార్చిలో కట్టేసినం. చివరి లైను పక్కన కూడా సంతకం పెట్టించుకున్నం.

మూడోది బాధ కలిగే సంగతి. రాయకుండా వదిలేద్దామని కూడా అనుకున్నం.

కాకాకు అడవి అంచున రెండెకరాల పోడు ఉన్నది, తాత కాలం నుంచి. 2023 జూన్ చివర పోడు పట్టాల పంపిణీ మొదలైనప్పుడు ఆయన పేరు రాలేదు. రుజువులు చాలలేదని చెప్పిన్రట. మేము సర్దిన సంగతి విని కాకా వచ్చి అడిగిండు: "మీ తాత పాత రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదులు వదినె దగ్గరనే ఉండాలె, దొరికినయా?" అక్షరాలు కనపడని పాత రసీదులు. మేము సంచి పైననే చూసినం వాటిని. నిప్పులో వేసినం.

హాస్టల్‌కు వచ్చినంక అటవీ హక్కుల చట్టం వెతికి చదివినం. 2006 చట్టం, దాని కింద 2008లో నియమాలు వచ్చినయి. 13వ నియమంలో ఏవేవి రుజువులో రాసి ఉన్నది. ఓటరు కార్డు, రేషన్ కార్డు, పాస్‌పోర్టు, ఇంటి పన్ను రసీదులు అందులో పేరు పెట్టి ఉన్నయి. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపించాలె. అంటే పాతదయిన కొద్దీ కాగితానికి విలువ పెరుగుతది. చెల్లని రేషన్ కార్డు అని మనం పారేసేదే అక్కడ చెల్లుతది. మేము కాల్చినవాటిలో అవి ఉన్నయో లేవో ఇప్పటికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. కాకా ఒక్క మాట అనలేదు. అదే నియమంలో ఇంకా దారులు ఉన్నయి. క్లెయిము పెట్టినోళ్లు కాకుండా వేరే పెద్దమనుషులు చెప్పింది రాసిన వాంగ్మూలం కూడా రుజువే. భూమి మీద వేసిన గట్లు, చదును చేసిన పని, కట్టుకున్న ఇల్లు లాంటివి కూడా రుజువే. ఒకటి కాదు, ఒకటి కంటే ఎక్కువ చూపించాలె. తండాలో ఇద్దరు ముసలోళ్లను కూర్చోబెట్టి వాళ్లు చెప్పింది రాస్తున్నం. అందులో ఒకాయనకు ఎనభై దాటింది, చెవులు వినపడవు, ఒక్కో ప్రశ్న నాలుగుసార్లు అరవాలె.

మేరీ కొండో మీద కోపం ఏమీ లేదు. ఆమె చెప్పేది కాగితం పోతే ఇంకో కాపీ దొరికే దేశంలో, చదివి పారేయగలిగిన ఇంటికి. మన ఇంట్లో కాగితమే మనిషికి సాక్ష్యం. మన ఇంటికి మొదటి పని పారేయడం కాదు, చదవడం.

ఒకమాట. మన గోర్ జనం ఎప్పుడూ ఇట్ల సామాను కుప్పలు పెట్టుకునేటోళ్లు కాదు. తాతల తాతలు లదేణి చేసేటోళ్లు, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగేటోళ్లు. సంసారం మొత్తం ఎద్దు వీపు మీద పట్టాలె. పట్టనిది ఉండదు. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బేరం పోయింది. 1871 చట్టం కొన్ని సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులన్నది, మన జనాన్ని కూడా చాలాచోట్ల ఆ జాబితాలో ఎక్కించిన్రు. తరువాత ఒక్కచోట కూర్చున్నం. కూర్చున్న దగ్గర నుంచి ఎవరో ఒకరు కాగితం అడుగుతనే ఉన్నరు. దాదికి తెలిసిన సర్దుడు మూటలది, ఎద్దులది. కాగితాల సర్దుడు ఆమెకు ఎవరు నేర్పాలె?

ఇల్లు సర్దితే మనసు తేలిక అయితదన్నది ఉత్త మాట కాదని కూడా చదివినం. లాస్ ఏంజలెస్‌లో డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెటి అనే ఇద్దరు 2010లో ఒక పరిశోధన అచ్చు వేసిన్రు. 60 మంది భార్యాభర్తలను వాళ్ల ఇల్లు వాళ్లనే చూపిస్తూ మాట్లాడమన్నరు, ఒంట్లో కార్టిసాల్ కొలిచిన్రు. అది పొద్దున ఎక్కువ ఉండి సాయంత్రానికి దిగాలె. ఇల్లు చిందరవందరగ ఉన్నది, పనులు మిగిలిపోయినయి అని మాట్లాడిన ఆడవాళ్లలో అది దిగాల్సినంత దిగలేదట, మనసు కూడా దిగులుగ ఉండెనట. వాళ్లు ఇద్దరూ ఉద్యోగాలు చేసే అమెరికా కుటుంబాలు. యాడిని ఎవరూ కొలవలేదు. కానీ షెడ్డులో చాప సంగతి మేము చూసినం.

జ్ఞాపకాల వస్తువులు చివరికి పెట్టుకోమని కొండో చెప్పింది కదా, ఆ ఒక్కటి ఆమె చెప్పినట్టే చేసినం. బాపు సూట్‌కేసు. మూడేండ్లు సజ్జ మీద ఉన్నది. మేము అడగలేదు, మూడో రోజు సాయంత్రం యాడే దింపమన్నది. నాలుగు చొక్కాలు, కంపెనీ టోపీ, సగం అయిపోయిన అత్తరు సీసా, మా ఇద్దరి పాస్‌ఫోటోలు, మూడు పలకల కాళ్లున్న అక్కడి చార్జరు. మన ఇంట్లో ఏ సాకెట్‌లోనూ పట్టదు అది. చొక్కాలు మూడు కాకాకు ఇచ్చింది, ఒకటి ఉంచింది. చార్జరు పారేద్దామా అని అడిగితే "ఉండనీ" అన్నది. మేము సరే అన్నం. అత్తరు మూత తీసి చూసి వెంటనే పెట్టేసింది. ఎవరం ఏమీ మాట్లాడలేదు. సూట్‌కేసు ఇప్పుడు ఖాళీ, చెల్లె హాస్టల్‌కు తీసుకపోతున్నది.

అదే సజ్జ మీద దాది ఫేటియా, కాంచళి ఉన్న మూట కూడా దొరికింది. అద్దాలు సగం రాలిపోయినయి. బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమె వస్తే ఇచ్చేద్దాం అన్నది యాడి. ఈసారి ఆమె పారేస్తనంటే మేము అడ్డం పడ్డం! కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లోనే జీఐ గుర్తింపు వచ్చింది, తెలుసా అని చెప్తే, "గుర్తింపు వస్తే అద్దాలు అతుక్కుంటయా" అన్నది. నిజమే. కాంచళి అట్లనే ఉంచి, చిరిగిపోయిన ఫేటియా గుడ్డతో యాడి నాలుగు సంచులు కుట్టింది. చదువు రానోళ్లకు ఫైళ్ల మీద పేర్లు రాసి ఏం లాభం? అందుకే గుర్తులు. ఎర్ర సంచి భూమిది, దాని మీద పసుపు దారంతో ఎద్దు కొమ్ములు. నల్లది దవాఖానది. పచ్చది బ్యాంకు, రేషన్, జాబ్ కార్డు, ఆధార్. నీలిది మా సర్టిఫికెట్లది, దానికి మాత్రం అంచు చుట్టూ దాది పాత అద్దాలు. నాలుగూ దేవుడి పటం కింద మేకులకు వేలాడుతున్నయి. కింద తడి తగలదు, ఎలుక అందదు. లామినేషన్ చేయించలేదు, ఒరిజినళ్లకు అది వద్దని సీనియర్లు చెప్పిన్రు. అన్నిటి ఫోటోలు తీసి మా ఇద్దరి ఫోన్లలో, కాకా ఫోన్‌లో పెట్టినం. నీలి సంచి కుట్టేటప్పుడు దొరికింది ఆ పోయిన కుల ధ్రువీకరణ పత్రం. బాపు ఫోటో ఫ్రేము అట్ట వెనుక ఉన్నది. అన్నిటికంటే భద్రమైన చోటు అని అక్కడ పెట్టిందట.

గ్రూపులో చాలామంది మొదటి తరం చదువుకున్నోళ్లమే ఉన్నం. సంక్రాంతికో, ఎండాకాలం సెలవులకో ఇంటికి పోతే ఒక రోజు కాగితాలకు ఇవ్వండి. యాడినో, అవ్వనో, బాపునో పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు లేనప్పుడు మాత్రం సర్దకండి, మేము చేసినట్టు. నిప్పు అసలే వద్దు.

పోయిన వారం యాడి ఫోన్ చేసింది. బ్యాంకోళ్లు ఆధార్ జిరాక్స్ అడిగిన్రట. "పచ్చ సంచిల నుంచి నేనే తీసిన, ఎవర్నీ అడగలే" అని చెప్పింది. మేము శభాష్ అనేలోపే తిట్టుడు మొదలు. ఆ ఖాళీ పాలపొడి డబ్బాలు ఎవరికిచ్చిన్రు మీరు, కందిపప్పు దేంట్ల పొయ్యాలె నేనిప్పుడు అని.